పద్దెనిమిది యూరోల పంతం

బోజెనక్కా,

జిరోకాస్తర్ క్షేమంగా చేరానని అమ్మకు చెప్పు.

అల్బేనియా అంతా రోజుకు ఇరవై యూరోలతో తిరిగొచ్చానని నువ్వు రెండేళ్లుగా డప్పు కొడుతున్నావుగా. నేను పద్దెనిమిదితో తిరిగి చూపించాలని నీళ్ల సీసా కూడా కొనకుండా వీధి కుళాయిల దగ్గర పట్టుకుని తాగుతున్నాను. నువ్వు అప్పట్లో బస చేశానని నీ నోట్‌బుక్‌లో రాసుకున్న ఫాత్‌బార్ధా పిన్ని ఇంట్లోనే అద్దె గదిలో దిగాను. తీరా చూస్తే పొయ్యి పక్క గోడ మీద నీ ఫోటో! నీ చెల్లెల్నని తెలియగానే ఆవిడ గది అద్దె వద్దంది, దారిలో తినమని పాలకూర కూరిన బురెక్ రొట్టె కట్టిచ్చింది. ఒప్పుకుంటే నా పంతం నెగ్గేదే. కానీ నీ పేరు చెప్పుకుని నెగ్గడమా? పది యూరోలు బల్ల మీద పెట్టేశాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, "మీ అక్కయితే ఇలా చేసేది కాదమ్మా" అంది. ఒళ్లు మండిపోయింది. ఆ పదితో ఈరోజు ఖర్చు ఇరవై ఒకటికి చేరింది.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా ఎర్ర గొడుగు నువ్వు వాడకు. బావకు నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు.

నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావని పిన్ని అడిగింది. ఇక రాదని చెప్పేశాను. ఆవిడ అటు తిరగగానే నీ ఫోటో మీద నా పాస్‌పోర్టు ఫోటో అతికించి వచ్చాను.

నీ చెల్లెలు,
యాగ్నా