వంతెన కొసన సర్వపిండి

2013 నవంబర్ 4

చెబుతున్నది నేను, రాజవ్వను. రాస్తున్నది మా మనవరాలు లత. నా మాటను పుస్తకం మాటగా మారుస్తానంటోంది. "మార్చుకో బిడ్డా, కారం మాత్రం తగ్గియ్యకు" అన్నాను.

నా కేసు ఇది. గోదావరి వంతెన ఈ కొసన, బస్సు ఆగే చోట, ఇన్నేళ్లుగా సర్వపిండి కాల్చి అమ్ముతున్నాను. ఇప్పుడు ఒడ్డు చూడవచ్చే జనం కోసం రేకుల షెడ్లు కట్టారు. ఇక రోడ్డు పక్కన ఎవరూ కూర్చోకూడదట. ఈ పొద్దున ఆఫీసరు వచ్చి నా బొగ్గుల సిగిడి వంక అదోలా చూశాడు.

"అవ్వా, షెడ్ల బొగ్గుపొయ్యి నడువది. పొగ. గ్యాస్ మీద చేసి చూపెట్టు. మంచిగుంటే నీకో షెడ్డు ఇస్తం."

"బొగ్గు మీద బతికే ఊర్ల బొగ్గుకే జాగ లేదా సారూ?"

నవ్వాడు. మాట మాత్రం మార్చలేదు. పదిహేనో తారీఖున వస్తాడట.

షెడ్డు రాకపోతే నా పొయ్యి ఇంట్లోనే. ఇంటికి వచ్చి ఎవరు తింటారు?

నవంబర్ 5

గ్యాస్ ఇంట్లో ఉంది. చాయ్‌కి. నా చేయి దానికి ఎన్నడూ తగల్లేదు.

నవంబర్ 6

పక్కింటి సాబిరా పెళ్లిళ్లకు వంట చేస్తుంది. గ్యాస్ సంగతి నేర్పుతానంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కారం వేసి కలిపి, చల్లటి గిన్నెలో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూత వేశాను. మంట చాల్లేదనిపించింది. సిగిడి అలవాటు... విసనకర్ర అందుకుని టపటపా విసిరాను.

మంట ఆరిపోయింది. వాసన.

"అరే అవ్వా, నక్కో! పంఖా నక్కో!" వద్దు వద్దంటూ సాబిరా ఉరికొచ్చి గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచింది. లత నవ్వి నవ్వి కింద కూలబడింది.

"ఇది గూడ రాయాల్నా అవ్వా?"

రాయి. నేనేమన్నా దొంగతనం చేశానా.

నవంబర్ 8

నడుమ మాడింది. అంచు పచ్చి. వీధి కుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయింది.

నవంబర్ 10

ఆదివారం. ఒడ్డంతా జనం. బస్సు వంతెన ఎక్కగానే కిటికీల్లోంచి గంగమ్మకు రూపాయి బిళ్లలు విసురుతున్నారు. నస్పూర్ నుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు ఒకవైపు, చేపలు వేయించుకునేవాళ్లు ఒకవైపు. నా సిగిడి దగ్గర ఎప్పటిలాగే గుంపు. ఎన్నాళ్లో ఈ గుంపు... 

మా మరిది కొడుకు మొగిలి బొగ్గు గనిలో డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చాడు. చెవుల వెనక ఇంకా బొగ్గు నలుపు.

"పెద్దమ్మా, రాష్ట్రమే వస్తాంది. నీకో షెడ్డు రాదా?"

"రాష్ట్రానికి అందరు అరిచిన్రు. నా షెడ్డుకు ఎవలు అరుస్తరు రా?"

"నీ గొంతు ఒక్కటి సాలదా!"

నవ్వానే గానీ, మాట నిజం. అరవడం వచ్చు. గ్యాసే రాదు.

నవంబర్ 12

మంట నడుమకే తగులుతోందని సాబిరా కనిపెట్టింది. పొయ్యి మీద పాత పెనం వేసి, దాని మీద గిన్నె పెట్టించింది. సన్నటి మంట. గిన్నెను కొంచెం వంచి తిప్పుతూ ఉండాలి. పిండి అంచులకు పలచగా అద్దాలి. నా చేయి వినదు, మందంగానే అద్దుతుంది. మూడోసారికి విన్నది.

ఎర్రగా కాలింది. అంచు కరకర. ముగ్గురం గిన్నె చుట్టూ కూర్చుని చేతులు కాలుతున్నా తిన్నాం.

బొగ్గు రుచి లేదు. ఉందని అబద్ధం చెప్పను. కానీ నాదే — నా చేతి రుచే.

నవంబర్ 15

వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు. గ్యాస్ బండ, పొయ్యి ముందే ఒడ్డుకు తెచ్చి నీళ్ల పక్కనే పెట్టుకున్నాను. మొదటి సర్వపిండి మాటల్లోనే తినేశారు. ఇంకోటి కావాలన్నారు. గిన్నె బోర్లించి వెనక నీళ్లు పోశాను. వేడి గిన్నెకు పిండి అంటదు.

"జల్ది అవ్వా, ఆఫీసుకు పోవాలె."

"గిన్నె సల్లవడాలె సారూ. గోదారి ముంగటనే ఉన్నది గదా, సూసుకుంట కూసోన్రి."

కూర్చున్నారు. కాసేపటికి ఫోన్లు జేబుల్లోకి పోయాయి. ఒకాయన చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టాడు. నా దగ్గర ఆగినవాళ్లంతా ఇంతే. పిండి కాలేలోపు నదిని చూస్తారు. లేకపోతే బస్సు దిగీ దిగగానే పరుగే.

రెండోది తిని ఆఫీసరు మూతి తుడుచుకున్నాడు. "మంచిగున్నది. గని లేటయితది. ఆదివారం జనానికి ఎట్ల?"

"రెండు గిన్నెలు పెడ్త."

"చూద్దాం. పైనోళ్లను అడిగి చెప్త."

చూద్దాం అంట... కాదు అనలేదు. అది రాయి, లతా.

నవంబర్ 17

ఇంకా కబురు లేదు. రోడ్డు పక్కన ఉన్నవాటిని రేపు తీసేస్తారని మొగిలి చెప్పాడు.

తీయనీ. తెల్లారక ముందే గ్యాస్ బండ, పెనం, రెండు గిన్నెలు రిక్షాలో వేసుకుని ఇంకా ఎవరికీ ఇవ్వని చివరి షెడ్డు ముందు దిగుతాను. తాళం వాళ్ల దగ్గరే ఉంది. బయటే కాలుస్తాను. సాబిరా కూడా వస్తానంది.

"పొమ్మంటే ఏం జేస్తవ్ అవ్వా?" అంటోంది లత.

"ముందుగాల తిననియ్యి. తిన్నంక అనమను."

శనగపప్పు నానబోశాను. రోజూ కంటే ఒక గ్లాసు ఎక్కువే.