బోర్డు లేని హోటల్

ఏమయ్యా,

కరోనాలో నువ్వు పోయి నేటికి ఏడాది. మూతపడ్డ హోటళ్లకు సర్కారు సాయం చేస్తుందంటే మొన్న మన సిరిసిల్ల ఆఫీసుకు వెళ్లాను. మన హోటల్ బోర్డు ఫొటో తెమ్మన్నాడు అక్కడి సారు.

"బోర్డు లేదు సారూ. ఆకలైనోనికి వాసన చాలని మా ఆయన పెట్టనియ్యలే."

"బోర్డు లేకుంటే హోటల్ లేనట్టేనమ్మా," అని దరఖాస్తు వాపసు ఇచ్చాడు.

బోర్డు రాయించడం ఎంత పని? కానీ నీ మాట కాదని తెచ్చుకునే సాయం నాకొద్దు.

ఈ పొద్దున మళ్లీ పొయ్యి వెలిగించి, నువ్వు చేసినట్టే వెల్లుల్లి దంచి వేసి సర్వపిండి కాల్చాను. సాంచాలు నడిపే నేత కార్మికులంతా వచ్చారు. వాళ్ల వెనకే, "గీ వాసన యాడికెళ్లి వస్తుంది?" అంటూ ఆ సారు.

"ఈడ హోటలే లేదంటిరి గద సారూ," అంటూనే ప్లేటు అందించాను.

తలొంచుకుని తిని, ఇంకోటి అడిగాడు. వేశాను.

బోర్డు మాత్రం రాయించను.