ఆర్పని పచ్చలైటు

విజయవాడ,
ఆదివారం.

నాంచారమ్మత్తకు,

చల్లపల్లిలో మీ ఇంట్లో పెట్టిన నా క్రిప్టో నోడును, అదే, రాత్రింబవళ్లు నడిచే ఆ కంప్యూటరును, ఇక ఆపెయ్యమని పోయిన నెల ఫోన్ చేశాను కదా. మీ ఊరి కరెంటు కోతలకు భయపడి అద్దె సర్వరుకు మారాను. "శుక్రవారం పూట వెలిగేదాన్ని ఆర్పమంటావేంట్రా? తర్వాత చూద్దాంలే" అన్నావు. దాని పచ్చలైటును దీపం అనుకుంటున్నావని నవ్వుకున్నాను.

మొన్న ఆ అద్దె కంపెనీవాళ్లు క్రిప్టో పనులకు చోటు లేదంటూ ఒక్క మెయిలు పెట్టి, అంతా చెరిపేశారు. ఆ లెక్కల డేటా అంతా మళ్లీ మొదటినుంచీ నింపుకోవాలంటే వారాలు పడుతుంది. అన్నాళ్లు ఆగితే, దానిమీద ఆధారపడిన మా ఆఫీసులో నలుగురి పనీ పోయినట్టే. ఆశ లేకుండానే మీ ఇంటి నోడును ఇక్కణ్ణుంచే నెట్‌లో పిలిచి చూశాను. పలికింది! ఇన్నాళ్లూ ఆగకుండా నడుస్తూనే ఉంది.

కోతల్లో ఎలా నడిచిందో అర్థం కాలేదు. నిన్న నీ కోడలు సత్యశ్రీ చెప్పింది. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు దానికి వదిలేసి, నువ్వు విసనకర్రతో విసురుకుంటున్నావట.

థాంక్స్ అంటే తిడతావు. అందుకే వచ్చేవారం కొత్త ఇన్వర్టరు తెస్తున్నాను. అది నీ ఫ్యానుకే. ఆ దీపం మాత్రం నీ దగ్గరే ఉండనీ, అత్తా.

నీ మేనల్లుడు