రాగి తీగ చివరి ఇల్లు

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. పనికి వెళ్తున్నాను.

మీ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసే నా స్నేహితుడితో నిన్న మీ లైను పరీక్ష చేయించాను. అక్కణ్ణుంచి మీ ఇంటికి వచ్చేది పాత టెలిఫోన్ రాగి తీగ, నాలుగు కిలోమీటర్లు. రాగిలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది. పైగా సిగ్నల్ ఇంట్లోకి వచ్చే దారి కాస్త వెడల్పు, ఇంట్లోంచి బయటికి వెళ్లే దారి బాగా ఇరుకు. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో నడిచేది వెలుగు, ఈ దూరం దానికి ఒక లెక్క కాదు. అమ్మ గదిలో ఉన్నది ఫైబర్.

అందుకే ఆ రోజు వీడియో కాల్‌లో అమ్మ నీకు చక్కగా కనిపించింది. మాకు మాత్రం నోరు సగం తెరిచిన నీ బొమ్మ ఒకటి వచ్చి ఆగిపోయింది. నువ్వు "తప్పు నాదేనమ్మా" అన్నావని, అమ్మ పలకలేదని ఏడుస్తున్నావని బావ చెప్పాడు. మాకు ఒక్క మాటా వినపడలేదక్కా. అమ్మ నీ మాట కోసమే ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చుంది.

ఇరవై ఏళ్లుగా తీగలు అతికేవాణ్ణి, ఫోన్ పట్టుకున్నది నేనే. తప్పు లైనుదని నాకు తట్టలేదు. అమ్మ మీద రెండేళ్ల పంతం నువ్వింకా వదల్లేదనుకున్నాను. కాల్ ఆపేశాక అమ్మ అడిగింది, "దానికింకా కోపం తగ్గలేదేంట్రా?" అని. మర్నాడే కన్నుమూసింది.

గురువారం మీ ఇంటికి ఫైబర్ వేయడానికి మనుషులొస్తారు. ఇంట్లో ఉండు. ఇక బొమ్మ ఆగదు.

అమ్మ అడిగినదానికి నేను "తగ్గలేదమ్మా" అన్నాను.

తమ్ముడు