వదినగారి తాళం

జూన్ 2

ట్రైనింగ్ మొదలైంది. సబ్బుల ప్యాకింగ్‌కి కొత్త మెషీన్లు వస్తున్నాయి, చేతులతో అట్టపెట్టెలు నింపే మా అవసరం ఇక లేదట. మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా పాసైతే ఫ్యాక్టరీలో ఉంటాను. లేకపోతే ఇంటికే. పరీక్ష ఆగస్టు చివర్లో.

ట్రైనర్ ఎవరో తెలిసి నెత్తి కొట్టుకున్నాను. మా మరిది. ఒకే ఇంట్లో ఉంటాం, నిన్ననే అతని చొక్కాకి గుండీ కుట్టాను. ఇంట్లో నేను అతన్ని నువ్వు అంటాను, అతను నన్ను మీరు అంటాడు. ఫ్యాక్టరీలో మాత్రం నేను సార్ అనాలని సూపర్‌వైజర్ చెప్పాడు. సరే, అన్నాను. అతనేమో అందరి ముందూ వదినా, మీరిలా రండి అన్నాడు. నాతోపాటు ట్రైనింగ్‌కి వచ్చిన ఫోర్క్‌లిఫ్టు డ్రైవర్ నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

జూన్ 5

మరిది మెషీన్ బాగుచేస్తుంటే టార్చి పట్టుకున్నాను.

జూన్ 6

టార్చి.

జూన్ 11, సాయంత్రం

ఎవరి తాళం వాళ్ళకిచ్చారు. ఎర్ర తాళం, దానికి మన ఫొటో అంటించిన అట్ట. మెషీన్‌లో చెయ్యి పెట్టేముందు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి మన తాళం వేయాలి. తాళంచెవి మన జేబులోనే ఉండాలి. ఇద్దరు దూరితే రెండు తాళాలు. బయటికొచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఇంకెవరూ ముట్టకూడదు, మేనేజరైనా సరే. తాళం వేలాడుతోందంటే లోపల ప్రాణం ఉందని అర్థం అన్నాడు మరిది. అది చెప్పేటప్పుడు అతని మొహంలో నవ్వు లేదు.

ఫొటోలో నేను ఎవరితోనో తగువాడి వచ్చినట్టున్నాను. నిజమే, ఆ పొద్దున అత్తయ్యతో తగువాడే వచ్చాను.

నా తాళం ఇంకా కవర్లోనే ఉంది. నన్ను లోపలికి పంపితే కదా వేయడానికి.

జూన్ 19

ఫోర్క్‌లిఫ్టు డ్రైవర్ ఇరుసు మీదికి ఎక్కించడానికి బేరింగ్‌ని సుత్తితో బాదాడు. మరిది అతన్ని ఉతికి ఆరేశాడు. ఆ తర్వాత పక్కన కూచోబెట్టుకుని, బేరింగ్‌ని వేడి చేసి ఎలా ఎక్కించాలో దగ్గరుండి చేయించాడు.

నేనూ అదే తప్పు చేశాను. కావాలనే. మరిది నా చేతిలోంచి సుత్తి మెల్లగా తీసుకుని, పర్లేదు వదినా, మీరు జరగండి, గ్రీజు అంటుతుంది అన్నాడు. తనే ఎక్కించేశాడు. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు అయిపోయింది.

డ్రైవర్‌కి రోజూ తిట్లు పడుతున్నాయి, రోజూ ఒక కొత్త పని వస్తోంది. నాకు మాత్రం మర్యాద. మర్యాదతో బోల్టు బిగుస్తుందా?

జూలై 3

ఇవాళ మరిదిని వంటింట్లో పట్టుకుని కడిగేశాను. నన్నూ తిట్టు, నాతోనూ చేయించు, ఇలాగే సాగితే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే అన్నాను. అతను పొయ్యి వంక చూస్తూ తలూపాడు.

అత్తయ్య మధ్యలో దూరింది. వాడి పదో తరగతి లెక్కలు నువ్వే చెప్పావు, అలాంటిది నిన్ను వాడెలా తిడతాడు అంది. నేను తిట్టే చెప్పాను, అందుకే పాసయ్యాడు అన్నాను. మా ఆయన పేపర్లో తల దూర్చాడు. చదివేసిన పేపరే.

జూలై 4

టార్చి.

జూలై 22, సాయంత్రం 6

చేశాను. నేనే చేశాను.

మరిది బాయిలర్ దగ్గరున్నాడు. సబ్బుల్ని చల్లబరిచే టన్నెల్‌లో వాటిని మోసుకెళ్ళే కన్వేయర్ ఆగిపోయింది. పిలిస్తే మళ్ళీ నాకు టార్చే. పిలవలేదు. నేనూ డ్రైవరూ స్విచ్చి ఆపి, రెండు తాళాలూ వేశాం. నా తాళం కవర్ పళ్ళతో చింపాను. లోపల పాక్కుంటూ పోవాలి, సబ్బు పొడి ముక్కులోకి పోతుంది. చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం బోల్టు వదులైంది. డ్రైవర్ పెద్ద స్పానర్ కోసం స్టోర్స్‌కి పోతూ, రూల్ ప్రకారం తన తాళం తాను తీసుకుపోయాడు. ఎంతకీ రాడు. చిన్న స్పానర్‌తోనే ఒంటి బలమంతా పెట్టి లాగాను. బిగిసింది.

బయటికొచ్చేసరికి షిఫ్టు అయిపోయింది. పాపకి స్కూలు బూట్లు కొనాలి, షాపు మూసేస్తాడు. డ్రైవర్ వచ్చి లైన్ మళ్ళీ నడిపిస్తాడులే అనుకుని పరుగెత్తాను. ఆ హడావుడిలో ఫోన్ లాకర్లోనే వదిలేశాను. పోనీ, రేపు తెచ్చుకోవచ్చు. ఇవాళ ఎవరూ నా మూడ్ చెడగొట్టలేరు.

జేబులో ఏదో గుచ్చుకుంటోంది.

జూలై 23

నిన్న చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఫ్యాక్టరీకి పరుగెత్తాను.

డ్రైవర్ చివరిసారి నన్ను చూసింది టన్నెల్ లోపల. నేను బయటికి రావడం ఎవరూ చూడలేదు. ఫోన్ చేస్తే నా లాకర్లో మోగుతోంది. గేటు దగ్గర వచ్చీపోయేవాళ్ళ లెక్క పెట్టే కార్డు మెషీన్ పాడైంది, అది బాగుచేయాల్సింది కూడా మేమే. స్విచ్చికేమో నా తాళం, ఆ దిక్కుమాలిన ఫొటోతో సహా. లైన్ మొత్తం ఆగిపోయింది.

నేను వెళ్ళేసరికి మేనేజర్ చేతిలో కట్టర్ ఉంది. ఆమె ఇంటికే పోయుంటుంది, తాళం కోసేయండి అంటున్నాడు. మరిది స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు, కదలనంటున్నాడు. తలనించి కాళ్ళదాకా సబ్బు పొడి. కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

నన్ను చూశాడు. షిఫ్టు మొత్తం వినేలా అరిచాడు.

"బుద్ధుందా నీకు? తాళంచెవి జేబులో వేసుకుని ఎక్కడికి పోయావు? లోపలే ఉండిపోయావనుకున్నా. ఈ చివర్నించి ఆ చివరికి పాకాను. మళ్ళీ పాకాను. ఎక్కడ నీ చెయ్యి తగుల్తుందోనని..."



వదినా అనలేదు. మీరు అనలేదు.

తాళం తీశాను. ఏడుపొచ్చింది. తప్పు నాదే. కానీ ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. అది రాయడానికే సిగ్గుగా ఉంది.

జూలై 30

కోరి తెచ్చుకున్న తంటా ఇది. పొద్దున్నుంచి తిట్లే. గ్రీజు ఎక్కువైంది. స్పానర్ అలాగేనా పట్టుకునేది. కళ్ళెక్కడ పెట్టుకున్నావు. షిఫ్టు అవగానే అందరి తాళాలూ చూసి రావడం నాకు శిక్ష. ఇంటికొచ్చాక కూడా ఆ నోరు ఆగలేదు, కుళాయి అంత గట్టిగా తిప్పితే వాషర్ పోతుంది, తెలీదా నీకు అన్నాడు. అత్తయ్య చేతిలో గ్లాసు కింద పడింది.

బేరింగ్ ఎక్కించాను. సుత్తి లేకుండా.

ఆగస్టు 29

పాస్. డ్రైవర్ కూడా. అభినందనలు చెప్తాడేమోనని మరిది దగ్గరికెళ్ళాను. మెషీన్ మూతకి ఒక బోల్టు బిగించకుండా ఎందుకు వదిలేశావని అడిగాడు.

సెప్టెంబరు 8

టన్నెల్ మళ్ళీ ఆగింది. మేనేజర్ తొందరకి మరిది స్విచ్చి ఆపి, తాళం వేయకుండానే లోపలికి దూరాడు. నా తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను. అతను బయటికొచ్చాక షిఫ్టు మొత్తం వినేలా బుద్ధుందా నీకు అని అడిగాను.

సార్ అనలేదు. మీరు అనలేదు.

తల వంచుకుని, తప్పయింది వదినా అన్నాడు.

మళ్ళీ మొదటికొచ్చాడు.