సగం మాత్రల డబ్బా

అమ్మకు,

నమస్కారాలు. అక్కా, పసిదీ కులాసాగా ఉన్నారని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్న విషయంలో ఆ మాట నిన్నటి నుంచే రాయగలుగుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నేను వేళకే తింటున్నాను. కుండీలకు పక్కింటి పిన్ని నీళ్లు పోస్తోంది. నాన్న ఫోన్లో ఎందుకు మాట్లాడలేదంటే, ఆయనకు వచ్చింది నేను చెప్పినట్టు మామూలు జ్వరం కాదు. మూత్రంలో మొదలైన క్రిమి రక్తంలోకి చేరింది. ఆసుపత్రిలో ముందు ఇచ్చిన మందుకి లొంగలేదు. వణుకుతూ, నన్ను నువ్వనుకుని పిలిచారు. ఫోన్లో నా గొంతు వింటే పట్టేస్తావని ఉత్తరం దాకా ఆగాను.

ఆ మంచం పక్కన కూర్చుంటే నా చిన్నప్పటి జ్వరాలే గుర్తొచ్చాయి. నాన్న బైండింగు బల్ల పక్కనే నాకు పక్క వేసేవారు. అట్టలు కోసే కత్తితో మాత్రను సరిగ్గా సగానికి కోసి, ఒక ముక్క నాకు వేసి, రెండోది పుస్తకానికి అట్ట వేసినంత శ్రద్ధగా కాగితంలో మడిచేవారు. జ్వరం దిగగానే మిగిలినవన్నీ బీరువా మీది బిస్కెట్ల డబ్బాలోకి. "మందు ఒంట్లో ఎక్కువ పడకూడదే, పిచ్చిమొద్దూ" అనేవారు. జిగురు వాసన, ఆయన చల్లటి అరచెయ్యి. ఇంకా కుట్టని కాగితాలు ఏరుకుని చదివేదాన్ని. కథ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయేది. అంత సుఖంగా మళ్లీ ఎప్పుడూ చదవలేదు.

ఇక చెప్పలేక చెబుతున్న సంగతి. మొన్న డాక్టరమ్మ, "ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అని నాన్నని అడిగింది.

"మాత్ర మొహం చూసి ఏళ్లయిందమ్మా!"

అడిగితే తప్ప మాట్లాడకూడదని కాన్వెంటులో నేర్చుకున్నదాన్ని. నన్నెవరూ అడగలేదు. అయినా నోరు జారింది.

"వాడారండీ. మూత్రంలో మంట పుట్టినప్పుడల్లా రెండ్రోజులు వేసుకుని ఆపేస్తారు. మిగిలినవి ఇంట్లో డబ్బాలో ఉన్నాయి."

డబ్బా తెచ్చి చూపించాను. "చంపాల్సిన క్రిమిని సగం చావగొట్టి వదిలేసి రాటుదేల్చారు" అని, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా ఆవిడ మందు మార్చేసింది. కొత్త మందు మూత్రపిండాలకు మంచిది కాదట. రోజూ రక్తం తీసి చూస్తున్నారు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. మీరిద్దరూ కప్పిపుచ్చిన ఇంటిగుట్టు పరాయివాళ్ల ముందు విప్పానే అని కుమిలిపోయాను.

నిన్న రిపోర్టు వచ్చింది. డబ్బాలోని మందుల్లో ఒక్కటీ ఆ క్రిమి మీద పనిచెయ్యదట. ఇప్పుడిస్తున్నది పనిచేస్తుందట. సాయంత్రానికి జ్వరం దిగింది. మూత్రపిండాలు ఇప్పటికి తట్టుకుంటున్నాయి. మందు పూర్తయ్యేదాకా భరోసా ఇవ్వలేమంటున్నారు. నీ కోపం ఎంతున్నా నా మీదే చూపించు, ఆయన్నేమీ అనకు.

ఇవాళ నర్సు సెలైన్ మారుస్తుంటే నాన్న నోరు విప్పారు.

"మా అమ్మాయికి నోట్లో నాలుక లేదనుకున్నానమ్మా. ఉంది. మొదట నామీదే ప్రయోగించింది."

"మంచిపనే చేసిందిలెండి, బాబాయిగారూ."

"చేసిందనే కదా నా కోపం!"

రెండ్రోజులుగా తెరవని పుస్తకం ఒకటి నా ఒళ్లో ఉంది. తర్వాత గోడతోనే అన్నట్టు, "ఆ పుస్తకం ఊరికే పట్టుకు కూర్చోకపోతే పైకి చదవచ్చుగా" అన్నారు.

మొదటి పేజీ నుంచి చదివాను. కాసేపటికి ఇటు తిరిగారు. రెండో అధ్యాయంలో నిద్రపోయారు. నేను ఆపలేదు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి