బోనాలకేనా అమ్మా?

జూలై 6, ఆదివారం

మా బిడ్డ స్వప్నకు ఏడో నెల. తొలి కాన్పు కదా, నిన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి బిడ్డ కడుపు చూసి మురిసిపోయారు. నా కడుపు ఎవరూ చూడలేదు... చూస్తే ఇంకేమైనా ఉందా. నాకూ నెల తప్పింది. అమ్మమ్మను కావలసినదాన్ని — సిగ్గులేని ఒళ్లు.

జూలై 8

ఆయనకు చెప్పాను. క్యాబ్ తుడుస్తున్న మనిషి తుడుస్తూనే ఉన్నాడు. "అల్లుని ముంగట నేనెట్ల నిలవడాలె?" అన్నాడు. నేనెట్లా నిలబడాలో అడగలేదు. కడుపు పోయే గోలీలు తెచ్చిపెట్టమంటే, మొగోడు అడిగేటియా అవి, అని లోపలికి పోయాడు. ఇప్పుడొచ్చింది సిగ్గు!

జూలై 10

శంషాబాద్‌లో మందుల దుకాణాల వాళ్లంతా ఎరిగినవాళ్లే. ఆరాంఘర్ దాకా పోయాను. జనం లేని దుకాణం చూసుకుని "నెల గోలీలు" అన్నాను. అంతకంటే నోరు పెగల్లేదు. "బోనాలకేనా అమ్మా?" అన్నాడు. పాపం, మర్యాదకు అట్లా అంటున్నాడనుకున్నాను. తలూపాను.

జూలై 16

వేసుకుంటూనే ఉన్నాను. ఏమీ లేదు. ఎయిర్‌పోర్టులో లేడీస్ బాత్రూములు కడిగే డ్యూటీ నాది. కడిగినచోటే వాంతి చేసుకుని మళ్లీ కడుగుతున్నాను.

జూలై 20, ఆదివారం

బోనాలు. ఒళ్లు బాగాలేదని నేనెత్తలేదు. స్వప్న ఊరుకుంటుందా... "గూట్ల గోలీలు చూసిన. నెల ఆగనీకె ఏసుకుంటివి గద, మల్ల బోనమెత్తవేంది?"

ఆగడానికా.

రావడానికని పోయి, ఆపేవి తెచ్చుకున్నాను. పండగకు ఆడవాళ్లంతా కొనేవే ఇచ్చాడు దుకాణం అతను. తప్పు అతనిది కాదు, ఊపిన తలది. ఇన్ని రోజులు ఉత్తగా పోయాయి. నామీద నాకే అసహ్యంగా ఉంది.

జూలై 28, సోమవారం

సర్కారు దవాఖాన, కడుపుతో ఉన్నవాళ్ల లైను. నర్సమ్మ నా వెనక్కి చూసి, "బిడ్డేది? లోపలికి పిలువు" అన్నది. బయట ఉందని అబద్ధం చెప్పబోయాను. చివరికి, నాకే అన్నాను. బెంచీ మీది వాళ్లంతా నావైపు తిరిగారు. భూమి చీలినా బాగుండును.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడుపొచ్చేది కాదేమో. గోలీలతో పోయే గడువు దాటింది, వచ్చే సోమవారం ఇక్కడే చేస్తామన్నది. భర్త సంతకం అక్కర్లేదట, తోడు మాత్రం ఒకరు ఉండాలట. మొదలే ఇక్కడికి రావాల్సింది కదమ్మా అన్నది. ఎట్లా వస్తాను, స్వప్న చూపించుకునేదీ ఇక్కడే.

ఆగస్టు 2

తోడు రమ్మంటే ఆయనకు ట్రిప్పు ఉందట. ఉంటుంది.

ఆగస్టు 4, సోమవారం

బీపీ చూపించుకొస్తానని స్వప్నతో అన్నాను. నేనూ వస్త అన్నది. వద్దన్నా వినకుండా చెప్పులేసుకుని గడపలో నిలబడింది. అటు తిరిగే అన్నది — "నీ ఆధార్ కార్డు పట్టుకో అమ్మా. పేషెంట్‌ది అడుగుతరు."

బీపీకి ఎవరూ కార్డు అడగరు. ఎన్నాళ్లుగా తెలుసో దానికి... కార్డు వెతుకుతున్నానని చెప్పి లోపల కూర్చుని ఇది రాస్తున్నాను. కార్డు చేతిలోనే ఉంది. బయట ఆటో హారన్ కొడుతోంది. బిడ్డ మొహం చూడాలి, లేవలేకపోతున్నాను.